ఇంటి ప్రింటరు: ఎండనివ్వకుండా కాపాడుకోవడం, మొరాయిస్తే దారికి తెచ్చుకోవడం

తిరుపతిలో ఇంటి ప్రింటరుకు ఏడాదంతా ఒకే తీరుగా పని ఉండదు. పిల్లల ప్రాజెక్టులు, రికార్డులు ఉన్న నెలల్లో రోజుకు ఇరవై ముప్పై పేజీలు తీయాల్సి వస్తుంది. బంధువులు కొండకు వస్తున్నారని ఫోను రాగానే మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు, గదుల బుకింగు కాగితాలు, ఆధార్ నకళ్లు వరుసగా తీస్తాం. వాళ్లు దర్శనం చేసుకుని వెళ్లిపోయాక నెలన్నర పాటు ఆ మూలకు వెళ్లేవారే ఉండరు. ప్రింటరు పాడయ్యేది ఆ నెలన్నరలోనే. ఇంట్లో వాడే ఇంకుజెట్ ప్రింటర్లు ఎక్కువ పని చేసి అరిగిపోవడం కన్నా, పని లేక ఎండిపోవడమే ఎక్కువగా చూశాను. అందువల్ల ఈ వ్యాసంలో ఆ సంగతికే పెద్ద పీట వేస్తున్నాను. కాగితం ఇరుక్కోవడం, వైఫై మొరాయించడం వంటివి దాని తరువాత వస్తాయి.

పని లేని రోజులే గండం

ఇంకుజెట్ ఇంకులో ఎక్కువ భాగం నీరే. అందులో రంగును, త్వరగా ఆరిపోకుండా చేసే కొన్ని ద్రవాలను కలుపుతారు. ఆ ఇంకు తల వెంట్రుక కన్నా సన్నని రంధ్రాల గుండా, అంటే నాజిళ్ల గుండా, కాగితం మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. హెచ్‌పీ, క్యానన్ ప్రింటర్లలో నాజిల్ దగ్గర ఉండే అతి చిన్న హీటరు ఇంకును ఒక్కసారిగా వేడెక్కించి, అప్పుడు పుట్టే ఆవిరి బుడగతో చుక్కను బయటికి నెడుతుంది. ఎప్సన్ ప్రింటర్లలో కరెంటు తగిలినప్పుడు వంగే పీజో పలక ఆ పని చేస్తుంది. పద్ధతి ఏదైనా, నాజిల్ నోటి దగ్గర నీరు ఆవిరైపోతే మిగిలేది గడ్డకట్టిన రంగే. ఎప్సన్ తన ఇంటి ప్రింటర్లకు 10 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాతావరణాన్ని సూచిస్తుంది. మన ఊళ్లో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పై అంతస్తులో కిటికీలు మూసిన గదిలో ఉన్న ప్రింటరు ఆ వేడిని రోజంతా భరిస్తుంది.

కాబట్టి వారానికి ఒకసారి ఒక రంగుల పేజీ తీయడం ఇంటి ప్రింటరుకు అన్నింటికన్నా మేలైన వైద్యం. నలుపు మాత్రమే తీస్తే సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు నాజిళ్లు అలాగే ఎండుతూ ఉంటాయి గనుక, నాలుగు రంగులూ ఆ పేజీలో ఉండాలి. మా ఇంట్లో శనివారం ఉదయం పూజ ముగిశాక ఈ పని చేస్తాం. నాలుగు రంగుల పట్టీలు, వాటి కింద రెండు వరుసల తెలుగు అక్షరాలు ఉన్న ఒక ఫైలును కంప్యూటరులో ఉంచుకున్నాను. ఒకవైపు వాడేసిన కాగితాన్నే, స్టేపుల్ పిన్నులు లేవని చూసుకుని, మడతలు లేకుండా సరిచేసి పెడతాను. దీనికి పట్టే ఇంకు చాలా కొద్ది. ఎండిపోయిన హెడ్‌ను, అంటే నాజిళ్లు అమర్చి ఉండే భాగాన్ని, శుభ్రం చేయడానికి పట్టే ఇంకు దీనికి ఎన్నో రెట్లు.

ప్రింటరును ఆపే పద్ధతిలో కూడా చాలామంది తెలియక పొరపాటు చేస్తారు. పని అయిపోగానే గోడ మీద స్విచ్చు ఆపేయకూడదు. ప్రింటరు మీదున్న పవర్ బటన్ నొక్కితే, హెడ్ ఒక పక్కకు వెళ్లి రబ్బరు అంచు ఉన్న మూత మీద కూర్చుంటుంది. ఆ మూతే నాజిళ్లకు గాలి తగలకుండా కాపాడుతుంది. హెడ్ ఇంకా మూత మీదకు చేరకముందే గోడ స్విచ్చు ఆపితే, అది దారి మధ్యలో తెరిచిన సీసాలా నిలిచిపోతుంది. ముందు బటన్ నొక్కి, లైటు పూర్తిగా ఆరి, లోపలి చప్పుడు ఆగాక కావాలంటే గోడ స్విచ్చు ఆపవచ్చు. ప్రింటు మధ్యలో కరెంటు పోతే, మళ్లీ వచ్చిన వెంటనే ఒకసారి ప్రింటరును ఆన్ చేసి, పనేమీ లేకపోతే బటన్‌తోనే ఆపాలి.

ఇది నాకు నష్టపోయాకే తెలిసింది. ఒక వేసవిలో గోడ స్విచ్చు ఆపి నలభై రోజులు ఊరికి వెళ్లాం. తిరిగి వచ్చి చూస్తే నలుపు రంగు అసలే రాలేదు. నేను కంగారులో హెడ్ క్లీనింగ్‌ను, అంటే ఇంకుతోనే నాజిళ్లను కడిగే పనిని, ఎనిమిదిసార్లు వరుసగా చేశాను. సీసాతో ఇంకు పోసుకునే ట్యాంకులో మట్టం వేలెడు దిగింది, నలుపు మాత్రం రాలేదు. మరుసటి రోజు మా వీధి చివర ప్రింటర్లు బాగుచేసే పెద్దాయన చూసి, "మిషను చెడిపోలా సామీ, ఎండిపోయిందంతే. ఈ రాత్రికి దాని జోలికి పోబాకండి, తెల్లారి చూడండి" అన్నాడు. తెల్లవారి ఒక్క క్లీనింగ్‌తో నలుపు పూర్తిగా వచ్చింది. రాత్రంతా కొత్త ఇంకులోని తడి ఆ గడ్డను నానబెట్టి కరిగించింది. నేను పోసిన ఎనిమిది క్లీనింగుల ఇంకు కన్నా ఆ రాత్రి విశ్రాంతే పనిచేసింది.

నాజిల్ చెక్ చదవడం, హెడ్ క్లీనింగ్‌కు హద్దు పెట్టుకోవడం

ప్రింటు మసకగా వచ్చినా, అడ్డంగా తెల్ల చారలు వచ్చినా మొదట చేయవలసింది క్లీనింగ్ కాదు, నాజిల్ చెక్. ప్రింటరు సాఫ్ట్‌వేరులో మెయింటెనెన్స్ అనే భాగంలో ఇది ఉంటుంది. చాలా మోడళ్లలో బటన్లతో కూడా తీయవచ్చు. ఒక్కో రంగుకు సన్నని గీతలో మెట్లో వరుసగా వస్తాయి. అవి ఎక్కడా తెగకుండా ఉంటే హెడ్ బాగున్నట్టే, లోపం కాగితం రకంలోనో సెట్టింగులోనో ఉంది. గీతలు తెగితే ఆ రంగు నాజిళ్లు మూసుకున్నాయి. కొత్త ప్రింటరు కొన్న రోజే ఒక నాజిల్ చెక్ తీసి, తేదీ వేసి, బిల్లుతో పాటు ఫైలులో దాచుకోండి. తరువాత ఎప్పుడు అనుమానం వచ్చినా పక్కన పెట్టి పోల్చుకోవడానికి అదే కొలబద్ద.

గీతలు తెగితే తెలుగు అక్షరాలకు నష్టం తొందరగా కనిపిస్తుంది. ద, ధ అక్షరాల మధ్యా, డ, ఢ మధ్యా, ప, ఫ మధ్యా ఉన్న తేడా అడుగున నిలిచే ఒక చిన్న గీత మాత్రమే. పది పాయింట్ల సైజులో ఆ గీత మిల్లీమీటరుకు మించదు. సరిగ్గా అక్కడ ఒక నాజిల్ మూసుకుపోతే 'ధర' కాస్తా 'దర' అవుతుంది, 'ఫలం' కాస్తా 'పలం' అవుతుంది. నా శనివారం పేజీలో 'లక్ష్మి, ధాన్యం, ఢక్కా, ఫలహారం, ఛత్రం' అన్న మాటలను చిన్న సైజులో పెట్టుకున్నది అందుకే. ఒత్తులన్నీ విడివిడిగా కనిపిస్తే ఆ వారానికి దిగులు లేదు. అక్షరాలు తెగకుండా నీడ పడినట్టు జంటగా కనిపిస్తే అది మూసుకుపోవడం కాదు, హెడ్ అలైన్‌మెంట్ తప్పడం. అదే మెయింటెనెన్స్ భాగంలో అలైన్‌మెంట్ చేస్తే సరిపోతుంది. దర్శనం టికెట్ల మీద ఉండే బార్‌కోడ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. గీతలు తెగినా జంటగా పడినా స్కానరు చదవకపోవచ్చు గనుక, టికెట్లు తీసే ముందు ఒక నాజిల్ చెక్ తీయడం మంచిది.

గీతలు తెగాయని తేలితే ఒక క్లీనింగ్ చేసి మళ్లీ నాజిల్ చెక్ తీయాలి. మెరుగైతే ఇంకొకటి. మూడుసార్లు చేసినా మార్పు లేకపోతే ప్రింటరును బటన్‌తో ఆపి, పన్నెండు గంటలు వదిలేయాలి. ఆ తరువాత మళ్లీ ఒకటి చేసి చూడాలి. ట్యాంకు ప్రింటర్లలో పవర్ క్లీనింగ్, డీప్ క్లీనింగ్ వంటి పేర్లతో మరింత బలమైన పద్ధతి ఉంటుంది; అది ఇంకును విపరీతంగా తాగుతుంది కాబట్టి ట్యాంకులో సరిపడా ఇంకు ఉన్నప్పుడు, చివరి ప్రయత్నంగా మాత్రమే చేయాలి.

క్లీనింగ్‌లో ఖర్చయిన ఇంకు ఎక్కడికీ పోదు. ప్రింటరు అడుగున దళసరి కంబళి ముక్కలాంటి ప్యాడ్ ఒకటి ఉంటుంది, ఆ ఇంకంతా అందులో ఇంకుతుంది. ఎంత చేరిందో ప్రింటరు తనే లెక్క వేసుకుంటుంది. హద్దు దాటిందనిపిస్తే పని మానేస్తుంది. కొన్ని మోడళ్లలో మెయింటెనెన్స్ బాక్స్ అనే పెట్టెను మనమే మార్చుకోవచ్చు, మిగిలిన వాటిలో మెకానిక్ చేత ప్యాడ్ మార్పించాలి. ఇంటర్నెట్‌లో దొరికే రీసెట్ ప్రోగ్రాంతో లెక్కను సున్నా చేసి, ప్యాడ్‌ను అలాగే వదిలేయడం మాత్రం చేయవద్దు. లెక్క మారినంత మాత్రాన ప్యాడ్ ఆరదు, ఒకనాడు ఆ ఇంకు టేబుల్ మీదికి కారుతుంది.

ట్యాంకు బదులు కార్ట్రిడ్జ్ అనే ఇంకు డబ్బా ఉండి, దానికే హెడ్ అమర్చి ఉన్న రకం ప్రింటర్లకు ఇంకొక వెసులుబాటు ఉంది. కార్ట్రిడ్జ్‌ను బయటికి తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపిన టిష్యూ కాగితం మీద నాజిళ్ల వైపు ఆనించి ఒక నిమిషం ఉంచి ఎత్తితే, దాని మీద రంగు అచ్చు పడుతుంది. రంగుల కార్ట్రిడ్జ్ అయితే మూడు పట్టీలు విడివిడిగా కనిపించాలి. ఏ పట్టీ రాలేదో ఆ రంగు ఇంకా గడ్డకట్టి ఉందని అర్థం. రాగి రంగులో మెరిసే చుక్కలున్న వైపు వేలు పెట్టకూడదు. అక్కడ జిడ్డు ఉంటే కళ్లద్దాలు తుడుచుకునే బట్టతో పొడిగా తుడవాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు దీనికి పనికిరావు. గిన్నె అడుగున తెల్లగా పేరుకునే ఉప్పే నాజిళ్లలోనూ పేరుకుంటుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే, బ్యాటరీలో పోయడానికి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్ క్యాను ఎలాగూ ఉంటుంది, దాని నుంచి అరగ్లాసు చాలు.

ట్యాంకు ప్రింటరులో ఇంకును కింది గీత దాటి దిగనివ్వకూడదు. దిగితే గొట్టాల్లోకి గాలి చేరుతుంది, దాన్ని వెళ్లగొట్టడానికి పోసిన ఇంకులో చాలా భాగం ఖర్చవుతుంది. హీటరుతో పనిచేసే హెడ్‌లకైతే ఇంకు లేకుండా ప్రింటు కొట్టడమే ప్రమాదం, ఎందుకంటే ఆ హీటరును చల్లబరిచేది ఇంకే. పాత మోడళ్లలో ఏ సీసా ఏ ట్యాంకులోనైనా పడుతుంది కాబట్టి, మూత తీసేముందు సీసా మీది రంగును ట్యాంకు మీది రంగుతో పోల్చి చూడాలి. మా ఇంట్లో ఒకేసారి రెండు సీసాల మూతలు తీయకూడదన్నది నియమం.

కాగితం, దుమ్ము, పురుగులు

ఈశాన్య రుతుపవనాల కాలం, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మన వైపు ప్రింటర్లకు కాగితం తెచ్చే చిక్కులు ఎక్కువ. గాలిలోని చెమ్మను కాగితం పీల్చుకుని అంచులు వంపు తిరుగుతాయి, రెండు మూడు కాగితాలు అతుక్కుని ఒకేసారి లోపలికి పోతాయి. 2021 నవంబరులో వరదలు వచ్చిన వారంలో, అరలో విప్పి పెట్టిన కాగితాల కట్టలో ఒక్క కాగితం కూడా మా ప్రింటరు సరిగా లాగలేదు. అప్పటి నుంచి కట్టను దాని కవరుతో సహా ఒక పాలిథిన్ సంచిలో పెట్టి మూస్తున్నాం. అవసరమైన ఇరవై ముప్పై కాగితాలనే తీసి, అంచులు వేళ్లతో విసనకర్రలా విప్పి, తట్టి సరిచేసి పెడతాం. పని అయ్యాక మిగిలినవి తిరిగి సంచిలోకి పోతాయి. మామూలు పనికి 75 లేదా 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కాగితం సరిపోతుంది.

వెనుక నుంచి కాగితం పెట్టే ప్రింటర్లకు ఆ ట్రే తెరిచిన నోరులాంటిది. పై అరలో ఏముంటే అది అందులో పడుతుంది. పూజగది పక్కన పెట్టిన ప్రింటర్లలో అగరుబత్తి బూడిద, కర్పూరం మసి, కుంకుమ రేణువులు రోలర్లకు అంటుకుని ఉండడం చూశాను. రాత్రి దీపానికి వచ్చే పురుగుల కోసం బల్లులు లోపల చేరడం కూడా ఉంది. ట్రే మూసి, ప్రింటరు ఆపాక ఒక ఉతికిన పంచె కప్పితే ఈ బాధలన్నీ తప్పుతాయి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన, వంటింటి గోడకు ఆనించి ప్రింటరును పెట్టకూడదు.

కాగితం ఉందని మనకు కనబడుతున్నా ప్రింటరు లేదంటుంటే, కాగితాన్ని లాగే రబ్బరు రోలరు కాగితపు పొడి పట్టి నునుపు తేలిందన్నమాట. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి గట్టిగా పిండిన బట్టతో రోలరును తిప్పుతూ తుడిచి, ఆరనివ్వాలి. థిన్నరు, పెట్రోలు వాడితే రబ్బరు పగులుతుంది. హెడ్ కదిలే కడ్డీకి కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె రాయకూడదు. దుమ్ము దానికి అంటుకుని హెడ్ కదలడమే కష్టమవుతుంది. ఆ కడ్డీకి దగ్గరగా, ఇటు చివర నుంచి అటు చివరికి సన్నని పారదర్శకమైన పట్టీ ఒకటి సాగి ఉంటుంది. దాని మీదుండే సూక్ష్మమైన గీతలను చదువుకుంటూనే హెడ్ తాను ఎక్కడున్నానో తెలుసుకుంటుంది. దాని మీద ఇంకు మరక పడితే హెడ్ పక్కగోడకు కొట్టుకుంటుంది. తడిబట్టతో చాలా మెల్లగా, లాగకుండా తుడవాలి.

కాగితం ఇరుక్కుంటే ముందు ప్రింటరును ఆపి, ప్లగ్గు తీయాలి. వెనుక మూత తీయగలిగితే తీసి, కాగితం నడిచే దిశలోనే, రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని సమానంగా లాగాలి. ఒక మూల పట్టుకుని గుంజితే చిరుగుతుంది, గోరంత ముక్క లోపల మిగిలితే ఆ తరువాత పెట్టిన ప్రతి కాగితమూ అక్కడే ఆగుతుంది. బయటికి తీసిన కాగితాన్ని నేల మీద పరిచి, నాలుగు మూలలూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేని మూల ఇంకా లోపలే ఉంది. టార్చి వేసి వెతికి, చదునైన ప్లాస్టిక్ పట్టకారుతో తీయాలి.

లేజర్ ప్రింటరు ఉన్నవారికి

లేజర్ ప్రింటరులో ఎండిపోయే ఇంకు లేదు, నెలల తరబడి వాడకపోయినా నష్టం లేదు. రంగు అవసరం లేని ఇంటికి, ఎప్పుడో ఒకసారి వాడేవారికి నేను దీన్నే సూచిస్తాను. టోనర్ అంటే మెత్తటి ప్లాస్టిక్ పొడి. దాన్ని దాదాపు 200 డిగ్రీల వేడిలో కాగితానికి కరిగించి అతికిస్తారు. అందుకే ఫోటో ఇంకుజెట్ కాగితాన్ని, ప్లాస్టిక్ షీట్లను ఇందులో పెట్టకూడదు, కాగితం ఇరుక్కుంటే చల్లారాకే చేయి పెట్టాలి. ఆ వేడి కోసం ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి, లేజర్ ప్రింటరును ఇంటి ఇన్వర్టరుకు, కంప్యూటరు యూపీఎస్‌కు తగిలించవద్దు. పేజీ మధ్యలో పాలిపోతే కార్ట్రిడ్జ్‌ను తీసి అటూ ఇటూ మెల్లగా ఊపి పెడితే మరికొన్ని పేజీలు వస్తాయి. పొడిని కాగితానికి అందించే గొట్టంలాంటి డ్రమ్ము మీద వెలుతురు ఎక్కువసేపు పడకూడదు. పొడి ఒలికితే చల్లటి నీళ్లలో తడిపిన బట్టతోనే తుడవాలి. వేడినీళ్లు తగిలితే అంటుకుపోతుంది. మచ్చ ఒకే దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంటే ఆ దూరాన్ని స్కేలుతో కొలిచి మెకానిక్‌కు చెప్పండి. ఆ చుట్టుకొలత ఉన్న రోలరో డ్రమ్మో చెడిందని అతనికి వెంటనే తెలుస్తుంది.

ప్రింటరు బాగున్నా కంప్యూటరు మాట వినకపోతే

నాజిల్ చెక్ ప్రింటరు బటన్ల ద్వారా చక్కగా వచ్చి, కంప్యూటరు నుంచి మాత్రం ఏమీ రాకపోతే లోపం యంత్రంలో లేదు. ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మార్చారేమో ముందు అడగండి. మారిస్తే ప్రింటరుకు కూడా కొత్తది చెప్పాలి. చాలా ఇంటి ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే అందుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్ పేరు వాటికి కనిపించదు. విండోస్‌లో ప్రింటరు 'ఆఫ్‌లైన్' అని చూపిస్తూ పాత ఫైళ్లు వరుసలో ఇరుక్కుని ఉంటే, సర్వీసెస్ విండోలో, ప్రింటు పనులను వరుసలో పెట్టే 'ప్రింట్ స్పూలర్'ను ఆపి, వరుసలో ఉన్నవి తొలగించి, మళ్లీ మొదలుపెట్టాలి. రూటరు ఆపి వేసిన ప్రతిసారీ ఇదే జరుగుతుంటే, రూటరు సెట్టింగుల్లో ప్రింటరుకు స్థిరమైన ఐపీ చిరునామా (ఇంటి వైఫైలో దాన్ని గుర్తించే నంబరు) కేటాయించడం శాశ్వత పరిష్కారం. అన్నీ విఫలమైతే యూఎస్‌బీ తీగ ఉండనే ఉంది.

తెలుగు ఫైళ్ల విషయంలో ఒక చిక్కు ప్రత్యేకంగా ఎదురవుతుంది. డీటీపీ షాపులో అను ఫాంట్లలో చేయించిన శుభలేఖ ఫైలును ఇంటికి తెచ్చి తెరిస్తే అర్థం కాని గుర్తులు కనిపిస్తాయి, అలాగే ప్రింటవుతాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షరాల పద్ధతి) కావు, మన కంప్యూటరులో ఉండవు. షాపులోనే ఫాంట్లతో సహా పీడీఎఫ్‌గా చేయించి తెచ్చుకోవాలి. పీడీఎఫ్ తెర మీద బాగుండి కాగితం మీద ఒత్తులు చెదిరితే, ప్రింట్ విండోలోని అడ్వాన్స్‌డ్ భాగంలో 'ప్రింట్ యాజ్ ఇమేజ్' ఎంచుకుంటే సాధారణంగా సరిపోతుంది.

షాపుకు తీసుకెళ్లవలసి వస్తే

హెడ్ పక్కగోడకు కొట్టుకుంటూ ఆగిపోతున్నా, కాలిన వాసన వచ్చినా, అడుగు నుంచి ఇంకు కారుతున్నా ఇంట్లో విప్పకుండా మెకానిక్‌కు చూపించాలి. ట్యాంకు ప్రింటరును స్కూటరు మీద ఒరిగించి తీసుకెళ్తే ఇంకు గొట్టాల్లో గాలి చేరుతుంది, ఒక్కోసారి ఒక రంగు మరొక దానిలో కలుస్తుంది. రవాణా కోసం తిప్పే లాకు ఉన్న మోడల్ అయితే దాన్ని వేసి, ట్యాంకు మూతలు బిగించి, ఆటోలో ఒడిలో సమతలంగా పెట్టుకుని వెళ్లండి. బయలుదేరే ముందు ఒక నాజిల్ చెక్ తీసి, ఇంకు మట్టాన్ని ఫోనులో ఫోటో తీసుకోండి. బాగుచేశాక షాపులోనే ఇంకొక నాజిల్ చెక్ తీయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి డబ్బు ఇవ్వండి. ఇంటికి తెచ్చాక లాకు తీసి, చదునైన టేబుల్ మీద ఒక గంట కదపకుండా ఉంచి, ఆ తరువాత ఆన్ చేసి రంగుల పేజీ ఒకటి తీయండి.